ఏ తైచీ నేర్చుకోవాలి: నాలుగు ఇంటిపేర్లు, రెండు కుదింపులు, మీ మోకాళ్లు

చైనా యుద్ధవిద్య తైచీలో చెన్, యాంగ్, వూ, సున్ అని ఇంటిపేర్లతో శైలులు. 24, 37, 42, 103 అని అంకెలతో, ఆగకుండా చేసే భంగిమల వరుసలు. ఒకచోట కుర్రాళ్లు తొడలు నేలకు సమాంతరంగా వచ్చేదాకా దిగి, దబ్బుమని కాలు మోపి, పిడికిలి విదిలిస్తుంటారు. ఇంకోచోట డెబ్బై ఏళ్లవాళ్లు నిటారుగా నిలబడి, నడుము లోతు నీళ్లలో నడుస్తున్నట్టు మెల్లగా అడుగులు వేస్తుంటారు. రెండు చోట్లా బోర్డు మీద తైచీ అనే ఉంటుంది. మరి ఏది నేర్చుకోవాలి?

ముందు జవాబు, తర్వాత కారణాలు. వయసు నలభై లోపు, మోకాళ్లు బాగున్నాయి, దీన్ని యుద్ధవిద్యగానే నేర్చుకోవాలని ఉంది అంటే చెన్. మోకాలి నొప్పి ఉన్నా, అరవై దాటినా సున్. గురువు సులువుగా దొరకాలి, ఊరు మారినా ఆగకుండా సాగాలి అంటే యాంగ్, అందులోనూ మొదటి మెట్టుగా 24 భంగిమల వరుస. చోటు ఇరుకు, అడుగు వెడల్పుగా వేయలేరు అంటే వూ లేదా 37. వీటన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది: మీకు అందుబాటులో ఉన్న గురువుల్లో శిష్యుల మోకాళ్లను ఎవరు జాగ్రత్తగా చూస్తారో వారి శైలి తీసుకోండి.

ఈ శైలుల చరిత్ర తెలిస్తే ఎంపిక తేలిక. ప్రతి శైలీ ఒక కాలంలో ఒక రకం మనుషుల కోసం దిద్దుకున్నది. ఊరి కాపలా కాసేవారి కోసం ఒకటి, రాజధాని దొరల కోసం ఒకటి, తీరిక లేని ఉద్యోగుల కోసం ఒకటి, కీళ్లవాతం ఉన్నవారి కోసం ఒకటి. వాళ్లలో మీరు ఎవరిని పోలి ఉన్నారో చూసుకోండి.

చెన్: ఊరి కాపలా విద్య

తైచీని ఝాంగ్ సాన్‌ఫెంగ్ అనే తావో సన్యాసి పాము, కొంగల పోరాటం చూసి కనిపెట్టాడనే కథ చాలా తరగతుల్లో చెప్తారు. కథగా వినడానికి బాగుంటుంది. చరిత్రకు గట్టిగా చిక్కే ఆధారాలు మాత్రం 17వ శతాబ్దంలో, హెనాన్ రాష్ట్రం వెన్ జిల్లాలో, పసుపు నదికి ఉత్తరాన ఉన్న చెన్‌జియాగౌ అనే పల్లెలో మొదలవుతాయి. మింగ్ రాజ్యం కూలిపోతున్న రోజుల్లో అక్కడి చెన్ వాంగ్‌టింగ్ తన ఇంటివారికి నేర్పిన విద్య ఇది. అందులోని భంగిమల పేర్లు చాలా వరకు మింగ్ సేనాని చీ జిగువాంగ్ సైనికుల శిక్షణ కోసం రాయించిన 32 భంగిమల్లోనివే. అంటే పుట్టుకలో ఇది మన ఊళ్ల సాముగరిడీల లాంటి విద్య: దొంగల మూకల నుంచి ఊరిని కాపాడుకోవాల్సిన రైతులు, పొలం పనితో గట్టిపడ్డ కాళ్లతో చేసింది.

ఆ మూలం ఇప్పటికీ చెన్ శైలిలో కనిపిస్తుంది. అడుగు వెడల్పు ఎక్కువ, దిగడం ఎక్కువ. మెల్లగా సాగుతూ ఉన్నట్టుండి ఒక్కసారి బలం విదిలిస్తారు. దాన్ని ఫాజిన్ అంటారు. దాని వెనక ఉండేది చాన్‌సిజిన్, అంటే పట్టుకాయ నుంచి దారం తీసే తీరు. హిందూపురం వైపు దారం తీసేవాళ్లను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: లాగడం గట్టిదైతే దారం తెగుతుంది, వదులైతే చిక్కుపడుతుంది. అలాగే పాదం నుంచి తుంటికి, తుంటి నుంచి వెన్నుకు, వెన్ను నుంచి వేళ్లకు మెలి తెగకుండా రావాలి.

మూల వరుస లావోజియా యీలు. గురువును బట్టి 74 లేదా 75 భంగిమలు, చేయడానికి సుమారు పావుగంట. రెండో వరుస పావోచుయ్, ఫిరంగి పిడికిలి, దూకుళ్లతో వేగంగా ఉంటుంది. మొదటి వరుస కనీసం ఏడాది చేయకుండా రెండోది మొదలుపెట్టకండి. నడుము వదులు కాకముందే బలం విదిలిస్తే ఆ దెబ్బ నడుము కింది భాగం మీద పడుతుంది. సిమెంటు నేల మీద కాలు దబ్బున మోపితే మడమకూ మోకాలికీ చేటు. మట్టినేల మీద పుట్టిన విద్య అది. అపార్ట్‌మెంట్ డాబా మీద చేసేవారు కాలు మోపే చోట చప్పుడు లేకుండా ఆనిస్తే సరిపోతుంది, భంగిమకు లోటు రాదు.

చెన్ శైలి ఊరు దాటింది ఆలస్యంగా. 1928లో చెన్ ఫాకే బీజింగ్ వెళ్లి నేర్పడం మొదలుపెట్టాడు. విదేశాలకు చేరింది ముఖ్యంగా 1980ల తర్వాత, ఆ ఊరి నుంచే వచ్చిన నలుగురి ద్వారా: చెన్ షియావోవాంగ్, చెన్ ఝెంగ్‌లెయ్, వాంగ్ షియాన్, ఝు తియాన్‌చాయ్. వీరిలో చెన్ షియావోవాంగ్ ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాడు. పొడవాటి వరుస నేర్చుకునే తీరిక లేని విదేశీ శిష్యుల కోసం ఆయన 19 భంగిమల వరుసను, చెన్ ఝెంగ్‌లెయ్ 18 భంగిమల వరుసను కూర్చారు. చెన్ కావాలి కానీ వారానికి రెండు రోజులే వీలవుతుంది అనేవారు ఈ రెండిటిలో ఒకదానితో మొదలుపెట్టవచ్చు. పునాది కసరత్తులు అవే ఉంటాయి, కంఠస్థం చేయాల్సింది తగ్గుతుంది.

యాంగ్: ఊరి నుంచి రాజధానికి

హెబెయ్‌లోని యోంగ్‌నియన్‌కు చెందిన యాంగ్ లూచాన్ (1799–1872) చెన్‌జియాగౌలో చెన్ చాంగ్‌షింగ్ దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్నాడు. బయటివాడికి ఆ విద్య దక్కడం అప్పట్లో మామూలు సంగతి కాదు. తర్వాత బీజింగ్ చేరి మంచూ దొరల ఇళ్లలో నేర్పాడు. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫు (1883–1936) చేతిలో ఈ శైలి ఇప్పటి రూపానికి వచ్చింది. దూకుళ్లు, కాలు మోపే చప్పుళ్లు, హఠాత్తుగా విదిలించడాలు పోయాయి. మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగం, పెద్ద పెద్ద గుండ్రటి కదలికలు. పట్నవాసులు ఏ వయసులోనైనా చేయగలిగింది అలా తయారైంది. ప్రపంచంలో ఎక్కువ మంది చేసేది ఈ శైలే.

సంప్రదాయ యాంగ్ వరుసను కొందరు 85 అంటారు, కొందరు 103, కొందరు 108. వరుస ఒకటే, లెక్క వేరు. పక్షితోక పట్టడం అనే భంగిమలోని నాలుగు భాగాలను ఒకటిగా లెక్కపెడితే ఒక సంఖ్య, విడివిడిగా లెక్కపెడితే ఇంకో సంఖ్య వస్తుంది. కాబట్టి 108 నేర్పే చోటు 85 నేర్పే చోటు కంటే గొప్పదేమీ కాదు. చేయడానికి 20 నుంచి 25 నిమిషాలు. వారానికి రెండు తరగతులతో నేర్చుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర.

చాలామందికి అంత ఓపిక ఉండదు. అందుకే పుట్టినవి రెండు కుదింపులు, 24 ఒకటి, 37 ఒకటి. బయట తైచీ తరగతి అంటే చాలాసార్లు ఈ రెండిటిలో ఒకటే కాబట్టి వీటి గురించి వివరంగా చెప్పాలి.

24 కావాలా, 37 కావాలా

24 భంగిమల వరుస 1956లో చైనా ప్రభుత్వ క్రీడా సంఘం తయారు చేయించింది. ఫ్యాక్టరీలు, బడులు, ఆఫీసుల్లో అందరూ ఒకే తీరుగా చేయడానికి, సులువు నుంచి కష్టానికి మెట్లు మెట్లుగా పేర్చారు. సంప్రదాయ వరుస మొదట్లోనే వచ్చే కష్టమైన పక్షితోకను ఇందులో ఏడో చోటికి జరిపారు. సంప్రదాయంలో ఒక వైపే చేసే ఆ భంగిమను ఇక్కడ ఎడమ, కుడి రెండు వైపులా పెట్టారు. శరీరం రెండు పక్కలా సమంగా పనిచేయాలంటే ఇది మంచి మార్పు. చేయడానికి 5, 6 నిమిషాలు. వారానికి రెండు తరగతుల చొప్పున మూడు, నాలుగు నెలల్లో వరుస పట్టుబడుతుంది.

దీని పెద్ద లాభం దొరకడం. చైనా, జపాన్, అమెరికా, యూరప్, మన నగరాలు, ఎక్కడికి వెళ్లినా 24 తెలిసినవారు ఉంటారు. ఉద్యోగరీత్యా ఊళ్లు మారేవారికి, ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు పిల్లల దగ్గర విదేశాల్లో గడిపే తల్లిదండ్రులకు ఇంతకంటే అనుకూలమైనది లేదు.

నష్టాలు రెండు. ఒకటి, ప్రమాణం ఒకటే అయినా నేర్పేవారి లోతు ఒకటి కాదు. పది రోజుల శిబిరంలో నేర్చుకుని మర్నాటి నుంచి నేర్పేవారు ఉన్నారు. అలాంటి చోట చేతుల ఆకారం వస్తుంది, కాళ్ల పని రాదు. రెండు, 16, 17 స్థానాల్లో వచ్చే కిందికి దిగే భంగిమలు. ఒక కాలు మీద పూర్తిగా కూర్చుని రెండో కాలు చాపడం, వెంటనే లేచి ఒంటికాలి మీద నిలబడడం. యాభై దాటినవారు ఇక్కడ దిగాల్సిన పని లేదు. చాపిన కాలిని చిన్నగా చాపి, కూర్చోవడం బదులు తుంటిని బెత్తెడు దించితే చాలు.

37 భంగిమల వరుస ఒక్క మనిషి చేతిలో రూపుదిద్దుకుంది. ఝెజియాంగ్ రాష్ట్రంలో పుట్టిన ఝెంగ్ మాన్‌చింగ్ (1902–1975) వైద్యుడు, చిత్రకారుడు, కవి, యాంగ్ చెంగ్‌ఫు శిష్యుడు. 1949లో తైవాన్, 1964లో న్యూయార్క్ చేరాడు. పాశ్చాత్య దేశాల్లో మొదటి తరం తైచీ గురువులు చాలామంది ఈయన శిష్యులో ప్రశిష్యులో. ఆగ్నేయాసియాలో ఈ పాయను హువాంగ్ షింగ్‌షియాన్ విస్తరించాడు. మలేషియా, సింగపూర్‌లలో ఉండే తెలుగువారికి 24 కంటే ముందు ఇదే ఎదురైనా ఆశ్చర్యం లేదు.

చూడగానే తేడా తెలిసేది మణికట్టు దగ్గర. 24లో నెట్టేటప్పుడు అరచెయ్యి నిలబడి, మణికట్టు వంగుతుంది. 37లో మణికట్టు ఎక్కడా విరగదు, చెయ్యి తిన్నగా వదులుగా ఉంటుంది. అడుగు ఇంకాస్త చిన్నది, నడుము నిలువు, చేతుల విన్యాసం తక్కువ. బరువు రెండు కాళ్ల మీద సగం సగం నిలవకూడదని ఈ పాయలో గట్టి పట్టింపు. ఒక్కో కాలినీ పూర్తిగా ఖాళీ చేసి ఇంకోదాని మీదికి పోవాలి. చేయడానికి 7 నుంచి 10 నిమిషాలు.

చోటు లెక్క కూడా చూసుకోండి. 24లో మొదట మూడు అడుగులు, కొంచెం ఆగి మళ్లీ మూడు అడుగులు ఒకే దిక్కుకు పడతాయి. అడుగు రెండున్నర అడుగుల పొడవు అనుకుంటే 15 అడుగుల దారి కావాలి, తర్వాతే వెనక్కి నడుస్తారు. 37కు పదడుగుల చదరం సరిపోతుంది. హాల్లో సోఫా జరిపి చేసుకునేవారికి ఇది చిన్న తేడా కాదు. అయితే 37లో నాలుగు మూలలకు తిరిగే భంగిమ కొత్తవారిని తికమకపెడుతుంది. ఆ నాలుగు మూలల్లో నేల మీద సుద్దముక్కతో గీతలు పెట్టుకుని పాదం ఎటు తిరగాలో ముందుగా చేతులు లేకుండా అభ్యాసం చేయండి.

మా తీర్పు: గుంపుతో కలిసి చేయడం, ప్రయాణాలు, పోటీలు మీకు ముఖ్యమైతే 24. తూకం (బ్యాలెన్స్), వదులు, ఇద్దరు కలిసి చేసే నెట్టు చేతుల సాధన (తుయ్‌షౌ) ముఖ్యమైతే 37. నిద్ర సరిగా పట్టనివారికి, భుజాలు బిగుసుకుపోయి ఉండేవారికి కూడా 37 బాగా నప్పుతుంది, ఎందుకంటే అందులో గురువులు దాదాపు ప్రతి భంగిమలోనూ భుజం దించడం గురించే మాట్లాడతారు. పోటీలకు వెళ్లాలనుకునేవారు 24 తర్వాత 42కు వెళ్లాలి. చెన్, యాంగ్, వూ, సున్ నాలుగిటినీ కలిపి 1989లో పోటీల కోసం కూర్చిన వరుస అది. మరుసటి ఏడాది బీజింగ్ ఆసియా క్రీడల్లో ఉషు, అంటే చైనా యుద్ధవిద్యల పోటీ, పతకాల ఆట అయింది. మొదటి వరుసగా మాత్రం 42 తీసుకోవద్దు. నాలుగు శైలుల నడక ఒకేసారి నేర్చుకుంటే ఒక్కటీ కాలికి అంటదు.

వూ: వాలినట్టు కనిపించే శైలి

బీజింగ్‌లో యాంగ్‌ల దగ్గర నేర్చుకున్న మంచూ సైనికాధికారి చువాన్‌యౌ. ఆయన కొడుకు వూ జియాన్‌చువాన్ (1870–1942) ఈ శైలికి పేరు తెచ్చాడు. 1928లో షాంఘై వెళ్లి, 1935లో అక్కడ తన పేరుతో సంఘం పెట్టాడు. కుటుంబంలో ఒక శాఖ హాంకాంగ్ చేరింది. 1954లో ఆయన కొడుకు వూ గోంగ్‌యీ మకావ్‌లో తెల్లకొంగ శైలి యోధుడు చెన్ కఫుతో వేదిక మీద తలపడ్డాడు. గెలుపోటములు తేలలేదు కానీ తైచీ అంటే ముసలివారి వ్యాయామం అనుకునేవారి చూపు ఆ రోజుతో మారింది. 1970లలో ఈ కుటుంబం టొరంటోలో బడి పెట్టింది. న్యూయార్క్‌లో ఈ శైలిని మొదట చూపినవారిలో సోఫియా డెల్జా అనే నర్తకి ఉంది. ఆమె 1948–51 మధ్య షాంఘైలో వూ జియాన్‌చువాన్ అల్లుడు మా యువెలియాంగ్ దగ్గర నేర్చుకుంది.

వలయాలు చిన్నవి, పాదాలు చాలాసార్లు సమాంతరంగా ఉంటాయి, ముందుకు వెళ్లినప్పుడు శరీరం ఏటవాలుగా వాలుతుంది. తప్పు జరిగేది ఇక్కడే. వెనక మడమ నుంచి నడినెత్తి దాకా ఒకే గీత రావాలి, నిచ్చెన గోడకు ఆనించినట్టు. కొత్తవారు కాళ్లు నిలువుగా ఉంచి నడుము దగ్గర వంగుతారు. రెండు వారాల్లో నడుం నొప్పి మొదలవుతుంది. పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీసుకుని, మడమకూ తలకూ మధ్య స్కేలు పెట్టి చూడండి. తుంటి ఆ గీతకు వెనక ఉంటే వంగినట్టే. డిస్క్ సమస్య ఉన్నవారికి ఈ శైలి మేము సూచించం. లేనివారికి, ఇరుకు గదిలో సూక్ష్మంగా పనిచేయాలనుకునేవారికి ఇది చాలా మంచిది.

సున్: యాభై దాటాక నేర్చుకున్నవాడి శైలి

సున్ లుతాంగ్ (1860–1933) అప్పటికే షింగ్‌యీ, బాగువా అనే వేరే చైనా యుద్ధవిద్యల్లో పేరు మోసినవాడు. తైచీ నేర్చుకున్నది యాభై దాటాక, జబ్బుపడ్డ హావో వెయ్‌ఝెన్‌ను చూసుకున్నందుకు ఆయన కృతజ్ఞతగా నేర్పగా. హావోది మరో వూ పాయ. ఉచ్చారణ దగ్గరగా ఉన్నా పైన చెప్పిన వూ ఇది కాదు, చైనా లిపిలో అక్షరం వేరు. ఈ వూ–హావో పాయను నేర్పేవారు బయట చాలా తక్కువ కాబట్టి దాన్ని వదిలేస్తున్నాం.

సున్ శైలి గుర్తు వెంటాడే అడుగు. ముందు కాలు వెళ్తే వెనక కాలు దాని దగ్గరికి వస్తుంది. వెనక్కి వెళ్తే ముందు కాలు వెంట వస్తుంది. వెడల్పు అడుగులో చాలాసేపు నిలబడాల్సిన అవసరం ఉండదు, దిగడం తక్కువ, మోకాలి మీద భారం తక్కువ. దిక్కు మారిన ప్రతిసారీ రెండు అరచేతులను ఛాతీ ముందు తెరిచి మూయడం వల్ల ఊపిరి కుదుటపడుతుంది. అందుకే 1997లో సిడ్నీ వైద్యుడు పాల్ లామ్ కీళ్లవాతం ఉన్నవారి కోసం వరుస కూర్చినప్పుడు సున్ శైలిని ఆధారంగా తీసుకున్నాడు. మోకాళ్లు అరిగినవారు పూర్తి సున్ వరుస కోసం వెతక్కుండా దీనితో మొదలుపెట్టడం మేలు. చిన్నది, కుర్చీ పక్కన పెట్టుకునైనా చేయవచ్చు.

ఒక హెచ్చరిక. సున్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి పెద్దవారికి ప్రమాదం లేదనుకోవద్దు. బరువు ముందు కాలి మీద కుదరకముందే వెనక కాలు లాగితే బొటనవేలు చాపకో తివాచీకో తట్టుకుంటుంది. చాప తీసేయండి. వెనక పాదాన్ని ఈడ్చకుండా అర అంగుళం పైకెత్తి పెట్టడం నేర్చుకోండి.

ఒక్క భంగిమతో శైలి గుర్తుపట్టడం

తరగతిలో ఏ శైలో చెప్పకపోతే దాన్‌బియన్, ఒంటి కొరడా భంగిమ కోసం ఆగండి. కుడిచేతి వేళ్లు కొక్కెంలా కూడి, ఎడమ అరచెయ్యి ముందుకు, శరీరం ఎడమ కాలి వైపు తిరిగి ఉంటే యాంగ్. కొక్కెం ఉండి అడుగు బాగా వెడల్పుగా, ఛాతీ తెరుచుకుని, ఎడమచెయ్యి పక్కకు విచ్చుకుంటే చెన్. కొక్కెం ఉండి గుర్రం మీద కూర్చున్నట్టు పక్కకు నిలిచి ఎడమచేతి వైపు చూస్తే వూ. కొక్కెం లేకుండా రెండు అరచేతులూ నిలబడితే సున్. శిక్షకుడు సంప్రదాయ తైచీ అని మాత్రమే చెప్పినప్పుడు ఈ పరీక్ష బాగా ఉపయోగపడుతుంది.

మోకాలు: ఏ శైలిలోనైనా చెడేది ఇదే

మనవారికి బాసింపట్టు వేసుకోవడం, గొంతుకూర్చోవడం అలవాటు. తుంటి తెరుచుకోవడానికి అది నిజంగా ఉపకారం. కానీ అదే మోసం చేస్తుంది కూడా. గొంతుకూర్చున్నప్పుడు బరువు రెండు కాళ్ల మీదా ఉంటుంది, పైగా నడుము తిరగదు. తైచీలో వంగిన ఒక్క కాలి మీద మొత్తం బరువు ఉంటుంది, దాని మీద నడుము తిరుగుతుంది. తేలిగ్గా దిగగలుగుతున్నాం కదా అని మొదటి నెలలోనే లోతుగా దిగేవారికి మోకాలి లోపలి పక్క నొప్పి వస్తుంది. మొదటి మూడు నెలలు మామూలు ఎత్తు నుంచి తల ఒక బెత్తెడుకు మించి దిగకూడదు.

ముందు కాలు వంచి వెనక కాలు చాపే విల్లు అడుగులో రెండు పాదాలూ రైలు పట్టాల మీద ఉన్నట్టు పక్కకు ఎడంగా ఉండాలి, తుంటి వెడల్పు అంత. రెండు మడమలూ ఒకే గీత మీదికి వస్తే తూలుతారు, తూలకుండా ఉండడానికి మోకాలు లోపలికి పడుతుంది. వెనక పాదం సుమారు 45 డిగ్రీలు బయటికి. ముందు మోకాలు బొటనవేలి పక్క వేలి వైపు చూడాలి. కిందికి చూస్తే వేళ్ల కొనలు కనిపించాలి. బరువు ముందు కాలి మీద నూటికి సుమారు 70 పాళ్లు. వూలో పాదాలు సమాంతరం, బరువు దాదాపు అంతా ముందే, కాబట్టి ఈ కొలతలు అక్కడ వాడకండి.

పాదం తిప్పేటప్పుడు ముందు బరువు తీసేయండి. బరువు ఉన్న పాదాన్ని తిప్పే తీరు సంప్రదాయ యాంగ్‌లో కొన్ని చోట్ల ఉంది. తుంటి వదులైనవారికి అది సరే, కొత్తవారికి ఆ మెలి మోకాలికే చేరుతుంది. బూట్లు కూడా ఇక్కడే ముఖ్యం. పరుగు బూట్లకు మడమ ఎత్తు, అడుగున పట్టు ఎక్కువ. పాదం తిరగదు, మోకాలు తిరుగుతుంది. పలుచని, చదునైన అడుగున్న గుడ్డ బూట్లు చాలు. టైల్స్, గ్రానైట్ మీద సాక్సులతో చేయవద్దు, జారతాయి. చెమట పట్టిన ఉత్త పాదం అదే నేలకు అతుక్కుంటుంది. దట్టమైన పచ్చిక చూడ్డానికి బాగుంటుంది కానీ పాదాన్ని పట్టేస్తుంది. పొద్దున్నే ఎండ ఎక్కక ముందు నున్నటి సిమెంటు డాబా అన్నిటికంటే మేలు.

తొడ మంట మంచిదే. మోకాలి చిప్ప కింద గానీ లోపలి పక్కన గానీ పొడిచినట్టు నొప్పి వస్తే అక్కడికక్కడే రెండు అంగుళాలు పైకి లేవండి. మర్నాడు మెట్లు దిగేటప్పుడు నొప్పి ఉంటే ఆ వారం సాధన సగానికి తగ్గించండి. అయినా తగ్గకపోతే ఎముకల వైద్యుణ్ని కలవాలి.

ఆరోగ్యం కోసమే అయితే

శైలి స్వచ్ఛత గురించి బెంగ వద్దు. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో 195 మంది పార్కిన్సన్స్ రోగులను మూడు గుంపులు చేసి, వారానికి రెండుసార్లు గంట చొప్పున 24 వారాలు సాధన చేయించారు. తైచీ గుంపువారి తూకం, బలం పెంచే కసరత్తు చేసిన గుంపు కంటే, సాగదీత గుంపు కంటే బాగా మెరుగుపడింది. పడిపోవడాలు సాగదీత గుంపుతో పోలిస్తే తగ్గాయి. అందులో నేర్పింది ఏ కుటుంబపు పూర్తి వరుసా కాదు, ఆరు కదలికలు. కాబట్టి అమ్మానాన్నల కోసం వెతికేవారు దగ్గర్లోని తరగతి, వారానికి రెండు రోజులు, ఆరు నెలలు మానకుండా సాగడం, ఈ మూడూ చూడండి. కళ్లు తిరిగే సమస్య, ఎముకల బలహీనత, మోకాలి మార్పిడి ఉన్నవారు ఒంటికాలి భంగిమల్లో రెండో కాలి వేళ్లు నేలకు ఆనించే చేయాలి. ఆ సంగతి గురువుకు మొదటి రోజే చెప్పండి.

గురువును చూడడం, శైలి మారడం

చేరేముందు ఒక తరగతి పక్కన కూర్చుని చూడండి. గురువు చేసే తీరు కంటే రెండేళ్లుగా వస్తున్న శిష్యుల మోకాళ్లు, భుజాలు ఎలా ఉన్నాయో చూడండి. వరుస చేస్తూ చూపించి వదిలేస్తున్నారా, ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి పాదం సరిచేస్తున్నారా గమనించండి. మొదటి నెలలో నిలబడే సాధన, బరువు మార్చే నడక ఎంత నేర్పుతారో అడగండి. అవి లేకుండా వారానికి మూడు భంగిమలు చొప్పున చెప్పుకుంటూ పోయే చోట డబ్బు కట్టకండి. యుద్ధవిద్యగా నేర్చుకోవాలనుకునేవారు నెట్టు చేతులు ఎప్పుడు మొదలవుతాయని కూడా అడగాలి. ఎప్పటికీ ఉండవు అంటే అది వ్యాయామ తరగతి. ఆరోగ్యానికి మంచిదే, మీ అవసరానికి కాదు.

వీడియోలతో నేర్చుకోక తప్పనివారు వీపు వైపు నుంచి తీసినవే తీసుకోవాలి. ఎదురుగా తీసినవాటితో కుడి ఎడమలు తారుమారవుతాయి, ఆ తప్పు తర్వాత విడవదు. నెలకోసారైనా తెలిసినవారికి చూపించుకోండి.

శైలి మారాలనుకుంటే మొదటిది వరుస మొత్తం ఆగకుండా, తలుచుకోకుండా చేయగలిగే దాకా ఆగండి. 24కు సాధారణంగా ఏడాది. యాంగ్ నుంచి సున్‌కు మారేవారికి అడుగు చిన్నది చేయడం కష్టంగా ఉంటుంది, యాంగ్ నుంచి చెన్‌కు మారేవారికి తొడలు రెండు నెలలు ఏడుస్తాయి. చెన్ నుంచి యాంగ్‌కు వచ్చేవారు విదిలింపు ఆపుకోలేరు. మారిన మొదటి మూడు నెలలూ పాత వరుసను ఉదయం, కొత్తదాన్ని సాయంత్రం చేయండి. రెండూ ఒకే పూట చేస్తే పాదాలు కలగలిసిపోతాయి.